లీవర్ మెత్తబడితే ముందు ప్యాడ్లు కొనకండి

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలకు మేస్త్రీ జవాబులు

ప్రశ్న: మేస్త్రీ గారికి నమస్కారం. పాడేరు దగ్గర ఏజెన్సీ స్కూల్లో టీచర్‌గా పనిచేస్తున్నాను. ఇల్లు చోడవరంలో. శనివారం సాయంత్రం ఘాట్ దిగి ఇంటికి వెళ్తాను, సోమవారం తెల్లవారుజామున మళ్లీ ఎక్కుతాను. నాలుగు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో 2015 మోడల్ 150 సీసీ బండి 34 వేలకు కొన్నాను. ముందు డిస్క్, వెనక డ్రమ్. మీటరు 61 వేలు చూపిస్తోంది. కింద మైదానంలో బ్రేకు బాగానే ఉంటుంది. ఘాట్ సగం దిగేసరికి ముందు బ్రేకు లీవర్ మెత్తబడి గ్రిప్‌కి ఆనేదాకా వచ్చేస్తోంది. కొండ దిగాక టీ తాగి, పావుగంట ఆగి బయలుదేరితే మళ్లీ మామూలే. మెకానిక్ రెండుసార్లు ప్యాడ్లు మార్చాడు, తేడా లేదు. ఇప్పుడు డిస్క్ పంపు మొత్తం మార్చాలంటున్నాడు. మార్చమంటారా? సెలవులప్పుడు వెనకాల మా ఆవిడ, చిన్నవాడు కూడా కూర్చుంటారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాస్టారూ, మిగతా విషయాల కంటే ముందు ఒక్కమాట. ఈ శనివారం ఆ బండి మీద ఘాట్ దిగకండి. బస్సెక్కండి. బ్రేకు కుదిరిందని మీ చేతికి నమ్మకం కుదిరాకే బండి తీయండి.

ఇక జబ్బు సంగతి. మీ ఉత్తరంలో అసలు ఆధారం టీ తాగిన పావుగంట. లీవర్ దగ్గరుండి ఆయిల్‌ని ప్యాడ్ల వైపు నెట్టే పంపులో వాషరు పోతే అది కొండమీదా పోయినట్టే ఉంటుంది, టీకొట్టు దగ్గరా పోయినట్టే ఉంటుంది. చల్లారగానే బాగుపడదు. ప్యాడ్లు అరిగిపోయినా అంతే. వేడెక్కితే మెత్తబడి, చల్లారితే గట్టిపడేది ఒక్కటే: బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరి కావడం.

మనం ఆయిల్ అంటాం కానీ అది నూనె కాదు. గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. రబ్బరు పైపుల్లోంచి, మూత సందుల్లోంచి సంవత్సరాల తరబడి నీటిని లాక్కుంటూనే ఉంటుంది. డాట్ 4 రకం ఆయిల్ సీసా కొత్తగా విప్పినప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరితే ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. అంటే వందకు నాలుగు పాళ్లయినా నిండని నీరు, ఘాట్‌లో మీకున్న అండను అంత తగ్గించేస్తుంది. ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు కాబట్టి మీ వేళ్ల బలం నేరుగా ప్యాడ్లకు చేరుతుంది. ఆవిరి నొక్కితే నలిగిపోతుంది. మీరు లీవర్ లాగుతుంటే లోపల ఆవిరి బుడగ నలుగుతోంది, ప్యాడ్లు మాత్రం కదలడం లేదు. టీ తాగేలోపు ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది. బ్రేకు బాగైనట్టు కనిపిస్తుంది. దాన్ని నమ్మకండి.

వేడి ఎంత పుడుతుందో లెక్క చెబుతాను, మీరు పిల్లలకు కూడా చెప్పుకోవచ్చు. బండి, మీరు, మీ ఆవిడ, బాబు, సంచీ కలిపి 300 కిలోలనుకోండి. 600 మీటర్ల ఎత్తు దిగితే వచ్చే శక్తితో ఐదు లీటర్ల చన్నీళ్లు మరిగిపోతాయి. ఇందులో కొంత ఇంజిను, కొంత గాలి మోస్తాయి. ఇంజినుకు పని చెప్పకుండా దిగితే చాలావరకు బ్రేకులే మోయాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వేసి, ఇంజిన్ ఆపి ఘాట్ దిగేవాళ్లను చూశాను. మీకు ఆ అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. పాత ఆయిల్‌తో ఎన్నో బండ్లు ఆ ఘాట్ దిగుతున్నాయి, అన్నిటికీ ఇలా కావడం లేదు. మీ బండికి బ్రేకు వదిలినా ప్యాడ్లు డిస్కును పూర్తిగా వదలడం లేదేమో. వేసుకున్న చొక్కా మీదే కంబళి కప్పుకున్నట్టు, దిగుడు వేడి మీద ఈ రాపిడి వేడి కూడా తోడవుతుంది. ఇది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, వెనక ఎవరైనా కూర్చుంటే ముందు చక్రం లేస్తుంది. ఒకసారి బ్రేకు పట్టి వదిలి, చక్రాన్ని చేత్తో తిప్పండి. సన్నగా రాసుకుంటున్న చప్పుడు వస్తే పరవాలేదు, రెండు మూడు చుట్లు తిరగాలి. తిప్పిన చోటే ఆగిపోతే పట్టేస్తున్నట్టే. మరో పరీక్ష, చదును రోడ్డు మీద ముందు బ్రేకు ముట్టకుండా నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆగి, డిస్కు మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. చుయ్‌మంటే మీ జబ్బు దొరికింది. డిస్కును వేలితో ముట్టుకోకండి, చర్మం ఊడొస్తుంది.

పట్టేయడానికి సాధారణంగా మూడు కారణాలు. మొదటిది కాలిపర్, అంటే డిస్కుకు రెండు వైపులా ప్యాడ్లను పట్టి ఉంచే భాగం, జారే పిన్నులు. మీ బండికి ఉన్న రకం కాలిపర్ ఒకవైపే పిస్టన్‌తో నొక్కి, తను పక్కకు జరిగి రెండో ప్యాడ్‌ను లాగుతుంది. పిన్నుల మీద గ్రీజు ఎండి తుప్పు పడితే జరగదు. అప్పుడు ఒక ప్యాడ్ బాగా అరిగి, రెండోది కొత్తదానిలా ఉంటుంది. మీ మెకానిక్ తీసిన పాత ప్యాడ్లు దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి. వాటి మందంలో తేడా ఉంటే పిన్నులు బిగుసుకున్నాయి. ఏ కంపెనీ బండికైనా ఎక్కువసార్లు నాకు కనిపించింది ఇదే. పిన్నులు బయటికి లాగి, తుప్పు తుడిచి, సిలికాన్ గ్రీజు పట్టించాలి. చైన్‌కి, బేరింగులకు వాడే మామూలు గ్రీజు పెడితే రబ్బరు బూటు ఉబ్బి మళ్లీ పట్టేస్తుంది.

రెండోది పిస్టన్. దుమ్ము, తేమ కలిసి పిస్టన్ అంచు మీద పొరలా గట్టిపడతాయి. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు ఆ మురికిని అలాగే లోపలికి నొక్కేస్తారు, లోపలి సీలు గీసుకుపోతుంది. ప్యాడ్లు తీసి, లీవర్‌ని చాలా మెల్లగా ఒకటి రెండుసార్లు నొక్కి పిస్టన్‌ను కొంచెం బయటికి రప్పించి, పాత టూత్ బ్రష్‌తో సబ్బునీళ్లు పెట్టి చుట్టూ తోమి, తుడిచి, ఆ తర్వాతే వెనక్కి నెట్టాలి. పిస్టన్ మీద తుప్పు గుంటలు కనిపిస్తే తోమినా లాభం లేదు, పిస్టన్, సీలు రెండూ మార్చాల్సిందే.

మూడోది పంపు డబ్బా అడుగున ఉండే సన్నటి రంధ్రం. వేడికి వ్యాకోచించిన ఆయిల్ దానిగుండానే డబ్బాలోకి తిరిగి రావాలి. అది పూడుకుపోతే ఒత్తిడి లోపలే ఉండిపోయి బ్రేకు దానంతటదే పట్టుకుంటుంది. మూత తీసి లీవర్‌ని కొద్దిగా కదిలిస్తే ఆయిల్‌లో చిన్న ఊట లేస్తుంది. లేవకపోతే రంధ్రం పూడిందని అర్థం. మొహం దగ్గర పెట్టకుండా చూడండి, కంట్లో పడితే ప్రమాదం. ఈ పరీక్షలు చేశాక, పంపులో లోపం ఉందని తేలితే అప్పుడు పంపు సంగతి మాట్లాడదాం. ఎలా తేలుతుందంటారా? బండి చల్లగా ఉన్నప్పుడు లీవర్‌ని గట్టిగా లాగి నిమిషం పాటు పట్టుకోండి. ఆయిల్ ఎక్కడా కారకుండానే లీవర్ మెల్లగా గ్రిప్ వైపు కుంగుతుంటే పంపు లోపలి వాషర్లు పోయినట్టు. కుంగకపోతే పంపు మార్చొద్దు.

ఇక ఆయిల్ మార్చడం. మూత తీయకముందు పెట్రోల్ ట్యాంకు మీద తడిగుడ్డ కప్పండి, ఈ ద్రవం పెయింటును తినేస్తుంది. మూత స్క్రూలు పాత బండ్లకు బిగుసుకుపోయి ఉంటాయి. సరిపోయే స్క్రూడ్రైవర్ పెట్టి పైన సుత్తితో చిన్నగా తట్టి విప్పితే తలలు చెడవు. లోపలున్నది టీ డికాక్షన్ రంగులో ఉంటే ఎన్నేళ్లుగా మార్చలేదో అదే చెబుతుంది, కొత్తది లేత తేనె రంగులో ఉంటుంది. మూత మీద ఏ డాట్ అని రాసి ఉందో అదే తేవాలి, సీలు విప్పని సీసానే కొనాలి. ఇంతకుముందు విప్పి షాపులో అటక మీద పెట్టిన సగం సీసా వాడనివ్వకండి, అది అప్పటికే తేమ తాగి ఉంటుంది.

కాలిపర్ నిపుల్‌కి, అంటే ఆయిల్ బయటికి వదిలే చిన్న బోల్టుకి, పారదర్శకమైన సన్న పైపు తగిలించి, రెండో కొసను కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచాలి. లీవర్ లాగి పట్టుకుని, నిపుల్ పావు చుట్టు విప్పాలి. ఆయిల్ బయటికి వస్తుంది, లీవర్ గ్రిప్‌కి ఆనుతుంది. నిపుల్ బిగించాకే లీవర్ వదలాలి. ఈ వరస తప్పితే గాలి వెనక్కి లాక్కుంటుంది. డబ్బాలో ఆయిల్ అడుగంటకుండా పోస్తూనే ఉండాలి, ఒక్కసారి అడుగంటితే మళ్లీ మొదటికే. పైపులో లేత రంగు వచ్చి, బుడగలు పూర్తిగా ఆగేదాకా చేయండి. మధ్యమధ్య బ్రేకు పైపును, కాలిపర్‌ని పానా వెనకవైపుతో చిన్నగా తడితే అంటుకున్న బుడగలు కదులుతాయి. అయినా కాస్త మెత్తగా ఉంటే, మూత బిగించి, లీవర్‌ని గ్రిప్‌కి లాగి రబ్బరుతో కట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే రబ్బరు విప్పాక మిగిలిన సన్న బుడగలు పైకి వచ్చేస్తాయి. నా షెడ్డులో ఎన్నో బండ్లు ఇలా తెల్లారేసరికి గట్టిపడ్డాయి.

మీది 2015 బండి. బ్రేకు రబ్బరు పైపు అప్పటిదే అయితే ఇప్పుడే మార్చేయండి. ఒకరు లీవర్ గట్టిగా లాగుతుంటే పైపును రెండు వేళ్ల మధ్య పట్టుకోండి. వేళ్ల కింద ఉబ్బినట్టు తెలిస్తే అసలే ఆలోచించక్కర్లేదు. పైపు మార్చినప్పుడు బోల్టుకు రెండు వైపులా ఉండే రాగి వాషర్లు కొత్తవి వేయించండి. డిస్కు మీద కనిష్ఠ మందం ఎంతో చెక్కి ఉంటుంది, దానికంటే పలచబడితే డిస్కు మార్చాల్సిందే.

దేనితో కడగకూడదో కూడా చెప్పాలి. 2004లో, డిస్క్ బండ్లు మా రాజమండ్రిలో ఎక్కువవుతున్న రోజుల్లో, నేనొక కుర్రాడి బండి పంపు విప్పి, రబ్బరు వాషర్లను అలవాటుకొద్దీ పెట్రోల్‌లో కడిగి బిగించాను. అప్పటికి డ్రమ్ బండ్లే నా ప్రపంచం. మూడోరోజు ఆ కుర్రాడి బండి ముందు చక్రం కొవ్వూరు వంతెన మీద పట్టేసింది. పెట్రోల్‌కి వాషర్లు ఉబ్బి ఆ సన్నరంధ్రాన్ని మూసేశాయి. నెమ్మదిగా వెళ్తున్నాడు కాబట్టి పడలేదు. పంపు నా ఖర్చుతో మార్చాను కానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెట్రోల్, డీజిల్, ఇంజిన్ ఆయిల్, ఇవేవీ డిస్క్ బ్రేకు లోపలి రబ్బరుకు తగలకూడదు. కడగాలంటే కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. మీ మెకానిక్ ఎదురుగా కూర్చుని ఇది చూసుకోండి, తప్పేం కాదు.

అన్నీ అయ్యాక, ఖాళీ మైదానంలో పొడినేల మీద 30 కిలోమీటర్ల వేగంలో రెండు బ్రేకులూ కలిపి వేసి చూడండి. ఆరేడు మీటర్లలో, అంటే బండి పొడవుకు మూడు నాలుగు రెట్ల దూరంలో ఆగాలి. 60 మీద అయితే ఆ దూరం నాలుగు రెట్లవుతుంది, అది ఘాట్‌లో ఎప్పుడూ గుర్తుండాలి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతారో అదే గేరులో దిగండి. బ్రేకును వేళ్లతో తడుముతూ ఉంచకుండా, మలుపు ముందు గట్టిగా పట్టి వేగం తగ్గించి పూర్తిగా వదిలేయండి. వెనక బ్రేకు కూడా వాడండి. లీవర్ ఏ మాత్రం మెత్తబడినా పక్కకు తీసి ఆపేయండి.

ప్రశ్న: అన్నా, మాది కోనసీమలో లంక గ్రామం. నాన్నగారి 100 సీసీ బండి పదకొండేళ్లుగా వాడుతున్నాం, రెండూ డ్రమ్ బ్రేకులే. వరద వచ్చినప్పుడల్లా ఒకటి రెండ్రోజులు నీళ్లలో ఉంటుంది. వెనక బ్రేకు తొక్కితే కీచుమంటుంది కానీ ఆగదు. అడ్జస్ట్‌మెంట్ నట్టు చివరిదాకా బిగించేశాను. మెకానిక్ డ్రమ్ము బయట ఉండే లివర్‌ని, దాని పళ్ల గాడిలో ఒక పన్ను వెనక్కి జరిపి పెట్టాడు. రెండు వారాలు బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది. ఇంకో పన్ను జరపమంటారా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఇంకో పన్ను జరిపితే ప్రాణం మీదకొస్తుంది.

డ్రమ్ములో కామ్ అనే ముక్క తిరిగి, రెండు లైనర్లనూ విడదీసి డ్రమ్ముకు ఒత్తుతుంది. లైనర్లు అరిగేకొద్దీ కామ్ ఎక్కువ తిరగాల్సి వస్తుంది. బ్రేకు పూర్తిగా తొక్కినప్పుడు లివర్‌కీ, రాడ్‌కీ మధ్య కోణం లంబకోణానికి దగ్గరగా ఉంటేనే నీ కాలి బలం పూర్తిగా అందుతుంది. దాటితే బలం వృథా. పన్ను జరిపితే బయట కోణం బాగైనట్టు కనిపిస్తుంది, లోపల కామ్ మాత్రం ఇంకా పక్కకు తిరిగి ఉంటుంది. మరీ అరిగిన లైనర్లతో ఒకరోజు అది అడ్డంగా పడిపోయి వెనక్కి రాదు, చక్రం బిగుసుకుపోతుంది. కాలవ గట్టు మీద వెనక చక్రం బిగుసుకుంటే ఎటు పడతావో నీకు నేను చెప్పక్కర్లేదు. డ్రమ్మును మూసే ప్లేటు మీద బాణం గుర్తు ఉంటుంది, బ్రేకు తొక్కినప్పుడు ఆ బాణం గీతకు చేరిందంటే లైనర్లు మార్చమని కంపెనీయే చెబుతున్నట్టు.

నీ బండికి వరద నీళ్లు ఇంకో హాని చేసి ఉంటాయి. లైనర్‌ని దాన్ని మోసే అల్యూమినియం షూకి గమ్ముతో అంటిస్తారు. తేమ ఆ సందులోకి దిగితే పొర లేచిపోతుంది. ఊడిన లైనర్ డ్రమ్ములో మడతపడితే చక్రం కదలదు. 2022 జూలై వరద తర్వాత నా దగ్గరికొచ్చిన లంక బండ్లలో పైకి బాగానే కనిపించినవాటికి కూడా లోపల లైనర్ గోటితో పెకిలిస్తే లేచొచ్చింది. అందుకే నీళ్లలో మునిగిన బండిని వరద తీసిన వారంలోపు చక్రం విప్పించి చూడాలి, అది ఒక్కటి మాత్రం వాయిదా వేయొద్దు.

విప్పినప్పుడు దుమ్మును నోటితోనో గాలి పైపుతోనో ఊదకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఊపిరితిత్తులకు చెరుపు. తడిగుడ్డతో తుడవండి. కామ్‌ను బయటికి తీసి తుప్పు గీకి, కాస్తంత గ్రీజు రాయాలి. ఎక్కువ రాస్తే వేడికి కరిగి లైనర్ల మీద పడుతుంది. డ్రమ్ము లోపల తుప్పును ఉప్పుకాగితంతో రుద్దండి. డ్రమ్ము లోపలి గరిష్ఠ కొలత దానిమీదే అచ్చుపోసి ఉంటుంది, దాటి ఉంటే కొత్త లైనర్లు కూడా సరిగ్గా ఆనవు. కొత్తవి వేశాక వాటి మీద సుద్దముక్క రాసి, చక్రం బిగించి, బ్రేకు వేస్తూ నాలుగు చుట్లు తిప్పి, మళ్లీ విప్పి చూడండి. సుద్ద ఎక్కడ చెరిగిందో అక్కడే డ్రమ్ముకు ఆనుతోంది. కొసల్లో మాత్రమే చెరిగితే అక్కడ కొంచెం రుద్దాలి. యాక్సిల్ నట్టు బిగించేటప్పుడు బ్రేకు పెడల్ తొక్కి పట్టుకోమను, ప్లేటు మధ్యకు సర్దుకుంటుంది.

ఇంకొకటి, ప్లేటు తిరిగిపోకుండా ఫ్రేముకు పట్టి ఉంచే రాడ్ ఉంటుంది. దాని నట్టుకు పిన్ను ఉందో లేదో నీ కళ్లతో చూసుకుని కదులు. అది ఊడితే ప్లేటంతా చక్రంతో పాటు తిరిగి చుట్టుకుంటుంది. కొత్త లైనర్లు సర్దుకునేదాకా మొదటి వంద కిలోమీటర్లు నిదానంగా నడుపు. పెడల్ ఒక అంగుళం వరకు ఖాళీగా కదిలి, ఆ తర్వాత పట్టాలి.

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో డెలివరీ పని చేస్తున్నాడు. 2020 మోడల్ 125 సీసీ బండి సెకండ్‌లో కొన్నాడు. వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా పట్టుకుంటోందట. వర్షంలో జారుతుందని స్నేహితులు రెండు బ్రేకులనూ కలిపే ఆ కేబుల్ విప్పేయమంటున్నారు. తీయించవచ్చా?

జవాబు: తీయించకండమ్మా. అది లోపం కాదు, బండి అలాగే తయారైంది. 2019 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే బండ్లలో 125 సీసీ వరకు ఉన్నవాటికి ఈ జంట బ్రేకు గానీ ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) గానీ ఉండాలని, అంతకు మించినవాటికి ఏబీఎస్ తప్పనిసరని నిబంధన పెట్టారు. వెనక పెడల్ ఒక్కటే తొక్కే అలవాటున్న మనలాంటి వాళ్ల కోసమే ఇది పెట్టారు. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వస్తుంది కాబట్టి, వెనక చక్రం ఒక్కటే ఆపితే బండి ఆగదు, జారుతుంది.

అయితే సెకండ్ హ్యాండ్ బండ్లలో ఆ కేబుల్ అడ్జస్ట్‌మెంట్ చెడి ఉండటం మామూలే. వెనక లైనర్లు బిగించినప్పుడు ముందు కేబుల్‌ని పట్టించుకోరు, అప్పుడు రెండు బ్రేకులూ పట్టే వరస చెడిపోతుంది. సెంటర్ స్టాండ్ వేసి, ఒకరు పెడల్ మెల్లగా తొక్కుతుంటే ఇంకొకరు రెండు చక్రాలనూ తిప్పి చూడాలి. వెనకది ముందు పట్టి, ఆ తర్వాత ముందుది పట్టాలి. తేడా ఉంటే మోడల్‌కి తగ్గట్టు కేబుల్ సర్దించాలి, అరగంట పని. అబ్బాయిని ముందు టైరు కూడా చూసుకోమనండి. వర్షంలో జారుతోందంటే, గాడులు అరిగిపోయిన టైరు మీద నాకు ఎక్కువ అనుమానం.